స్క్రిప్ట్ భాషను సీ గ్రాఫిక్స్ లైబ్రరీతో వేగంగా పనిచేసేలా కలపడం ఎలా

తెరమీద సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 16.67 మిల్లీసెకన్లు. ఇన్‌పుట్ చదవడం, లెక్కలు చేయడం, బొమ్మలన్నీ గీయించడం ఆ వ్యవధిలోనే ముగియాలి. లువా లేదా పైథాన్ వంటి స్క్రిప్ట్ భాషలో రాసిన ప్రోగ్రాము ఈ గడువు దాటినప్పుడు చాలామంది వెంటనే భాషనే తప్పుపడతారు. నేను చూసినంతవరకు ఎక్కువ సందర్భాలలో సమయాన్ని తినేది స్క్రిప్ట్ చేసే లెక్క కాదు, స్క్రిప్ట్ నుంచి సీ లోకి, మళ్ళీ వెనక్కి వేసే అడుగు. పది వేల స్ప్రైట్లు (తెరమీద గీసే చిన్న బొమ్మలు) ఉన్నాయనీ, ఒక్కోదానికి రంగు మార్చడానికి, పారదర్శకత మార్చడానికి, గీయడానికి మూడేసి కాల్స్ చేస్తున్నామనీ అనుకోండి. ఫ్రేముకు 30,000 సార్లు, సెకనుకు 18 లక్షల సార్లు ఆ సరిహద్దు దాటుతున్నాం. దాటిన ప్రతిసారీ 200 నానోసెకన్లు పోతాయనుకున్నా ఫ్రేముకు 6 మిల్లీసెకన్లు, అంటే మూడో వంతుకు పైగా, ఒక్క పిక్సెల్ కూడా మారకముందే ఖర్చయిపోతాయి.

అందువల్ల బైండింగ్ (సీ లైబ్రరీని స్క్రిప్ట్‌కు అందించే కోడ్) రాసేటప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, ఈ సరిహద్దును ఎన్నిసార్లు దాటుతున్నాం, దాటిన ప్రతిసారీ ఎంత సరుకు మోసుకెళ్తున్నాం అనేది. ఇక్కడ ప్రధానంగా లువాను, పోలిక కోసం లువాజిట్‌ను (లువా కోడ్‌ను నడుస్తుండగానే మెషీన్ కోడ్‌గా మార్చే జిట్ కంపైలర్ ఉన్న రూపం), పైథాన్‌ను తీసుకుంటాను. లైబ్రరీలుగా ఎస్‌డీఎల్ (విండోలు, ఇన్‌పుట్, బొమ్మలు), ఓపెన్‌జీఎల్ (జీపీయూతో గీయించడం), కైరో (గీతలు, ఆకారాలు) ఉదాహరణలవుతాయి. పాఠకులకు సీ పాయింటర్లు, స్ట్రక్చర్లు పరిచయమేనన్న నమ్మకంతో రాస్తున్నాను.

ముందుగా కొలవండి

ఏమీ చేయకుండా తిరిగి వచ్చే ఒక ఖాళీ సీ ఫంక్షన్‌ను స్క్రిప్ట్‌కు బైండ్ చేసి, దాన్ని లూప్‌లో పది లక్షల సార్లు పిలిచి, పట్టిన సమయాన్ని పది లక్షలతో భాగించండి. వచ్చేది మీ యంత్రం మీద, మీ భాషలో, సరిహద్దు దాటడానికి అయ్యే కనీస ఖర్చు. తర్వాత అదే ఫంక్షన్‌కు ఒక టెక్స్చర్ (గీయడానికి సిద్ధంగా ఉంచిన బొమ్మ) ఆబ్జెక్టును, నాలుగు సంఖ్యలను ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చి, లోపల వాటి రకాలను తనిఖీ చేయించి, మళ్ళీ కొలవండి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఆర్గ్యుమెంట్ల తనిఖీకి, మార్పిడికి అవుతున్న ఖర్చు. ఈ రెండూ తెలియకుండా మొదలుపెట్టే మెరుగుదల చీకట్లో బాణం వేయడమే.

గ్రాఫిక్స్ విషయంలో కొలత మోసం చేసే సందర్భాలు రెండున్నాయి. మొదటిది, వీ-సింక్ (ఫ్రేములను తెర రిఫ్రెష్‌తో జతచేసే అమరిక) ఆన్‌లో ఉంటే బఫర్లు మార్చే కాల్ తెర రిఫ్రెష్ అయ్యేదాకా ఆగుతుంది కనుక, 60 హెర్ట్జ్ తెర మీద మీ కోడ్ 2 మిల్లీసెకన్లు తీసుకున్నా 15 తీసుకున్నా ఫ్రేము సమయం 16.67 గానే కనబడుతుంది. కొలిచేటప్పుడు స్వాప్ ఇంటర్వెల్‌ను సున్నా చేయాలి. రెండవది, ఓపెన్‌జీఎల్ కాల్స్ చాలావరకు పనిని వరుసలో పెట్టి వెంటనే తిరిగి వస్తాయి, జీపీయూ దాన్ని తర్వాత చేస్తుంది. కాల్ చుట్టూ గడియారం పెడితే తెలిసేది పనిని అప్పగించడానికి పట్టిన సమయమే. బైండింగ్ ఖర్చు తెలుసుకోవడానికి అది సరిపోతుంది గాని, బొమ్మ గీయడానికి పట్టిన సమయం తెలియాలంటే జీఎల్‌ఫినిష్ వంటి కాల్‌తో జీపీయూ ముగించేదాకా ఆగాలి.

ఒక్క కాల్ లోపల

లువాలో ఒక లూప్ లోపల గ్రాఫిక్స్ టేబుల్‌లోని డ్రా ఫంక్షన్‌కు టెక్స్చర్‌ను, ఎక్స్, వై, వెడల్పు, ఎత్తులను ఇచ్చి పిలిచారనుకుందాం. మొదట లువా గ్లోబల్ టేబుల్‌లో గ్రాఫిక్స్ అన్న పేరు కోసం, దొరికిన టేబుల్‌లో డ్రా అన్న పేరు కోసం వెతుకుతుంది. తర్వాత ఫంక్షన్‌ను, ఐదు ఆర్గ్యుమెంట్లను స్టాక్ మీద పేరుస్తుంది. అది సీ ఫంక్షన్ అని గుర్తించి, కనీసం 20 స్లాట్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, కాల్ వివరాల రికార్డును సిద్ధం చేసి, అప్పుడు మీ సీ కోడ్‌లోకి దూకుతుంది. మీ కోడ్‌లో చెక్‌యూడేటా ఆ టెక్స్చర్ యూజర్‌డేటా (సీ వస్తువును లువాలో మోసే విలువ) మెటాటేబుల్‌ను (దాని ప్రవర్తనను నిర్ణయించే టేబుల్‌ను) తీసి, మీరిచ్చిన రకం పేరుతో రిజిస్ట్రీలో (సీ కోడ్ వాడుకునే ఉమ్మడి టేబుల్‌లో) మరో మెటాటేబుల్‌ను వెతికి తెచ్చి, రెండూ ఒకటేనా అని పోల్చి, రెండింటినీ స్టాక్ నుంచి తీసేస్తుంది. నాలుగు సార్లు చెక్‌నంబర్ నడుస్తుంది. డబుల్‌గా వచ్చిన సంఖ్యలు ఫ్లోట్‌గా మారతాయి. ఇంత జరిగాక గాని అసలు లైబ్రరీ ఫంక్షన్ మొదలుకాదు.

ఇందులో తేలికగా తగ్గించగలిగేవి రెండున్నాయి. ఫంక్షన్‌ను లూప్‌కు ముందే లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుంటే పేర్ల వెతుకులాట పోతుంది. మెటాటేబుల్‌ను సీ ఫంక్షన్‌కు అప్‌వాల్యూగా (ఫంక్షన్‌తోపాటే ఉండే విలువగా) జోడించి, దానితోనే నేరుగా పోల్చితే రిజిస్ట్రీ వెతుకులాట పోతుంది. ఈ రెండూ చేయవలసినవే. అయితే వీటితో కాల్ ఖర్చు కొంత తగ్గుతుంది గాని కాల్స్ సంఖ్య తగ్గదు. అసలు లాభమంతా సంఖ్య తగ్గించడంలోనే ఉంది.

గుంపుగా పని తీసుకునే ఫంక్షన్లు

కొత్తగా ఏదైనా రాయడానికి ముందు, లైబ్రరీలోనే గుంపుగా పని తీసుకునే ఫంక్షన్ ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ లైబ్రరీలకు ఈ సమస్య కొత్తది కాదు. 1992 నాటి ఓపెన్‌జీఎల్ 1.0 లో ప్రతి శీర్షానికీ ఒక కాల్ ఉండేది. 1.1 లో వెర్టెక్స్ అరేలు, 2003 లో వచ్చిన 1.5 లో వెర్టెక్స్ బఫర్లు వచ్చాయి. 2009 లో 3.1 నాటికి పాత శీర్షానికో కాల్ పద్ధతిని ప్రధాన స్పెసిఫికేషన్ నుంచి తొలగించారు. సీ భాషకే భారమనిపించిన ఆ పద్ధతిని స్క్రిప్ట్ నుంచి వాడడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఎస్‌డీఎల్‌లో ఒక్క దీర్ఘచతురస్రం గీసే ఫంక్షన్ పక్కనే అనేకం ఒకేసారి గీసే రెండర్‌ఫిల్‌రెక్ట్స్ ఉంది. 2.0.18 నుంచి, త్రికోణాల గుంపును ఒకేసారి గీసే రెండర్‌జామెట్రీ ఉంది. కైరోలో గీతకో కాల్ చేయనవసరం లేకుండా, మొత్తం పాత్‌ను ఒక అరేగా కట్టి అప్పెండ్‌పాత్‌కు ఒక్కసారిగా ఇవ్వవచ్చు.

మన పది వేల స్ప్రైట్లకు రెండర్‌జామెట్రీ సరిగ్గా సరిపోతుంది. ఎస్‌డీఎల్ 2 లో ఒక శీర్షంలో స్థానానికి రెండు ఫ్లోట్లు, రంగుకు నాలుగు బైట్లు, టెక్స్చర్ స్థానానికి రెండు ఫ్లోట్లు కలిపి 20 బైట్లుంటాయి. ఒక్కో స్ప్రైట్‌కు నాలుగు శీర్షాలు, అంటే 80 బైట్లు. పది వేలకు 8 లక్షల బైట్లు. వీటితోపాటు ఒక్కో స్ప్రైట్‌కు ఆరు ఇండెక్సులు కావాలి గాని, ఇండెక్సుల వరుస ఎప్పటికీ మారదు కనుక వాటిని మొదట్లో ఒకసారి నింపి వదిలేయవచ్చు. రంగు, పారదర్శకత శీర్షంలోనే ఉన్నాయి కనుక ఆ రెండు వేరు కాల్స్ అక్కరలేదు. ఒకే టెక్స్చర్‌ను వాడే స్ప్రైట్లన్నీ ఒకే కాల్‌లో ఇమిడిపోతాయి. వేర్వేరు చిన్న బొమ్మలను ఒకే పెద్ద టెక్స్చర్‌లో పక్కపక్కన పేర్చి పెట్టుకుంటే ఆ 30,000 కాల్స్ ఒక్కటవుతాయి.

బఫర్ నింపే చోట ఉన్న ఉచ్చు

ఇక్కడే చాలామంది పొరపడతారు కనుక కొంచెం నిదానంగా చెబుతాను. శీర్షాల బఫర్‌ను ఒక యూజర్‌డేటాగా తయారుచేసి, దానికి అరేలాగా కనిపించే మెటాటేబుల్ తగిలించి, లువా నుంచి ఒక్కో స్థానంలో ఒక్కో విలువ రాయడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే సాధారణ లువాలో యూజర్‌డేటాలోకి చేసే ప్రతి కేటాయింపూ మెటాటేబుల్‌లోని న్యూఇండెక్స్ అన్న సీ ఫంక్షన్‌కు ఒక కాల్. స్ప్రైట్‌కు నాలుగు శీర్షాలు, శీర్షానికి ఐదు విలువలు అనుకున్నా ఇరవై కాల్స్ అవుతాయి. మూడు కాల్స్‌ను తగ్గించబోయి ఇరవై తెచ్చిపెట్టుకున్నట్టే. గీసే కాల్ ఒక్కటే అయింది కదా అని సంతోషించి, ప్రోగ్రాము ఇంకా నెమ్మదించడం చూసి అయోమయపడేది ఈ దశలోనే.

దీన్నుంచి బయటపడే దారులు భాషను బట్టి మారతాయి. సాధారణ లువాలో నేను మొదట సూచించేది, విలువలను ఒకే ఒక చదునైన టేబుల్‌లో ఉంచడం. మొదటి స్ప్రైట్ ఎక్స్, వై, కోణం, పరిమాణం, ఆ వెంటనే రెండవదాని నాలుగు విలువలు, ఇలా వరుసగా. స్ప్రైట్‌కో చిన్న టేబుల్ పెట్టి వాటన్నింటినీ మరో టేబుల్‌లో పెట్టకండి. ఆ చదునైన టేబుల్‌ను ఒక్కసారి సీ ఫంక్షన్‌కు ఇస్తే, అది లోపల లూప్‌లో రా-గెట్-ఐ తో ఒక్కో విలువను చదువుతుంది. ఇక్కడ చదివే పనులు 40,000 ఉన్నా, వాటికి కాల్ రికార్డులు తయారుకావు, మెటామెథడ్ల తనిఖీ ఉండదు. ఒక్కో విలువను చదివాక స్టాక్ నుంచి తీసేయడం మాత్రం మరవకూడదు. మరిచిపోతే ఆ 20 స్లాట్ల హామీ క్షణంలో దాటిపోయి స్టాక్ పాడవుతుంది. నాలుగు మూలల స్థానాలు లెక్కకట్టడం, కోణాన్ని బట్టి తిప్పడం, ఫ్లోట్‌గా మార్చి 20 బైట్ల శీర్షాల్లో రాయడం అంతా సీ వైపే జరగనివ్వండి.

అంతకంటే మంచి దారి ఇంకొకటుంది. కణాల (నిప్పురవ్వలు, పొగ వంటివి చూపే చిన్న చుక్కల) వంటి వాటిలో ప్రతి ఫ్రేములోనూ జరిగేది ఒకే రకం లెక్క, స్థానానికి వేగాన్ని కలపడం. అప్పుడు స్థానాలు, వేగాలు శాశ్వతంగా సీ బఫర్లలోనే ఉండనిచ్చి, స్క్రిప్ట్‌కు మొత్తం గుంపు మీద పనిచేసే ఆజ్ఞలు మాత్రం ఇవ్వవచ్చు. ఇంత సమయం ముందుకు నడుపు, ఈ చతురస్రం బయటికి పోయినవాటిని తీసేయి, ఇక్కడ కొత్తవి యాభై పుట్టించు. స్క్రిప్ట్ ఏం జరగాలో నిర్ణయిస్తుంది, సీ దాన్ని పది వేల సార్లు చేస్తుంది. పైథాన్‌లో నమ్‌పై అనే సంఖ్యల లైబ్రరీ అరేలు చేసేది సరిగ్గా ఇదే. అరే మొత్తం మీద ఒక్క కూడిక రాస్తే లూప్ సీ లో నడుస్తుంది, ఆ అరే మెమరీ చిరునామాను కాపీ లేకుండా నేరుగా ఓపెన్‌జీఎల్ బఫర్ నింపే బఫర్‌సబ్‌డేటాకు ఇవ్వవచ్చు. అరే రకం 32 బిట్ల ఫ్లోట్ అయి ఉండాలి. నమ్‌పైలో దశాంశ సంఖ్యలకు ఏమీ చెప్పకపోతే వచ్చేది 64 బిట్ల రకం.

లువాజిట్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఎఫ్ఎఫ్ఐ (సీ ఫంక్షన్లను నేరుగా పిలిచే సదుపాయం) ద్వారా సీ స్ట్రక్చర్లను ప్రకటించి, వాటి అరేను ఎఫ్ఎఫ్ఐ-న్యూతో సృష్టిస్తే, జిట్ కంపైల్ అయిన లూప్‌లో ఒక్కో ఫీల్డులో రాయడం నేరుగా మెషీన్ స్టోర్‌గా మారుతుంది. ఎఫ్ఎఫ్ఐ కాల్స్ కూడా అంతే, ట్రేస్‌లోనే (జిట్ కంపైల్ చేసిన కోడ్ వరుసలోనే) కలిసిపోతాయి. ఈ లాభం నిలవాలంటే కొన్ని జాగ్రత్తలు పాటించాలి. లైబ్రరీ నేమ్‌స్పేస్‌ను లోకల్‌లో పెట్టుకోండి గాని, అందులోని ఒక్కో ఫంక్షన్‌ను విడిగా లోకల్‌లో పెట్టుకోకండి. సాధారణ లువాలో మేలు చేసే ఆ అలవాటు ఇక్కడ కీడు చేస్తుంది. వేడి లూప్ మధ్యలో పాత పద్ధతి సీ ఏపీఐ ఫంక్షన్‌ను పిలవకండి, దాన్ని జిట్ కంపైల్ చేయలేదు. అరేలను ప్రోగ్రాము మొదట్లోనే సృష్టించి మళ్ళీ మళ్ళీ వాడండి. జిట్‌కు అనుమతి లేని వేదికల మీద ఎఫ్ఎఫ్ఐ ఇంటర్‌ప్రెటర్ ద్వారా నడిచి, పాత ఏపీఐ కంటే నెమ్మదిగా ఉండవచ్చునని కూడా గుర్తుంచుకోండి.

ఓపెన్‌జీఎల్‌కు డేటా పంపేటప్పుడు ఒక్క చిన్న మాట. జీపీయూ గత ఫ్రేము బఫర్‌ను ఇంకా చదువుతుండగా దానిలోకే రాయబోతే డ్రైవర్ మిమ్మల్ని ఆపి ఉంచవచ్చు. బఫర్‌డేటాను అదే పరిమాణంతో, డేటా స్థానంలో నల్ ఇచ్చి ఒకసారి పిలిచి, తర్వాత బఫర్‌సబ్‌డేటాతో నింపితే డ్రైవర్ కొత్త చోటు ఇచ్చి పాతదాన్ని జీపీయూకు వదిలేస్తుంది.

రకాలు తప్పితే ఏమవుతుంది

పైథాన్ నుంచి సీ లైబ్రరీలను పిలిచే సీటైప్స్ సౌకర్యంగా ఉంటుంది, కంపైలర్ అక్కరలేదు. కాని అది హెడర్ ఫైలు చదవదు. మీరు చెప్పినదే నమ్ముతుంది, చెప్పకపోతే తానే ఊహించుకుంటుంది. తిరిగి వచ్చే విలువ రకం చెప్పకపోతే దాన్ని సాధారణ ఇంటీజర్ అనుకుంటుంది. క్రియేట్‌విండో తిరిగిచ్చేది 64 బిట్ల పాయింటర్, ఇంటీజర్‌లో మిగిలేది కింది 32 బిట్లే. ఆ చిరునామా చిన్నదైతే ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది, పెద్దదైతే తర్వాతి కాల్‌లో కూలిపోతుంది. ఒక కంప్యూటరులో వారం రోజులు నిక్షేపంగా నడిచిన నా కోడ్ మరో కంప్యూటరులో మొదటి విండో తెరవగానే పడిపోయినప్పుడు, డ్రైవర్‌ను అనుమానిస్తూ ఒక రోజంతా పోగొట్టుకున్నాను. కారణం నేను రాయని ఒక్క లైను. అప్పటినుంచి ఏ ఫంక్షన్‌నైనా పిలవడానికి ముందే దాని ఆర్గ్యుమెంట్ల రకాలు, ఫలితం రకం రెండూ ప్రకటించనిదే ముందుకు పోను.

ఫ్లోట్, డబుల్ తేడా ఇంకా చిత్రంగా బయటపడుతుంది. ఫ్లోట్ ఆశించే ఫంక్షన్‌కు పొరపాటున డబుల్ పంపారనుకోండి. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాలలో దశాంశ ఆర్గ్యుమెంట్లు ప్రత్యేక రిజిస్టర్లలో వెళ్తాయి, ఫ్లోట్ ఆశించే ఫంక్షన్ ఆ రిజిస్టర్‌లోని కింది 32 బిట్లను మాత్రమే చదువుతుంది. 1.0, 2.0, 100.0 వంటి గుండ్రని సంఖ్యలకు డబుల్ రూపంలో కింది 32 బిట్లన్నీ సున్నాలే. ఫలితంగా ఏ దోషసందేశమూ లేకుండా ఆకారాలన్నీ మూలబిందువు దగ్గర కుప్పపడి, తెర ఖాళీగా కనబడుతుంది. 0.1 వంటి సంఖ్య ఇస్తే మరేదో అర్థంలేని విలువ వస్తుంది. తెర ఖాళీగా ఉండి, దోషమేదీ రాకపోతే ముందుగా దీన్నే అనుమానించండి.

స్ట్రక్చర్ల పరిమాణాన్ని చేత్తో రాసుకోవడం కూడా ప్రమాదమే. పైన చెప్పిన 20 బైట్ల శీర్షం ఎస్‌డీఎల్ 3 లో 32 బైట్లయింది, ఎందుకంటే రంగు నాలుగు బైట్ల నుంచి నాలుగు ఫ్లోట్లుగా మారింది. సీ వైపు సైజాఫ్, ఆఫ్‌సెటాఫ్ విలువలను తిరిగిచ్చే ఒక చిన్న ఫంక్షన్ పెట్టి, స్క్రిప్ట్ మొదలవగానే తన లెక్కతో వాటిని పోల్చుకునేలా చేయండి. తేడా ఉంటే అక్కడే ఆగిపోవాలి.

ఎవరి వస్తువు, ఎవరు విడుదల చేయాలి

వేగం కంటే నన్ను ఎక్కువగా వేధించిన అంశం ఇది. స్క్రిప్ట్ భాషలో చెత్తసేకరణ (వాడకంలో లేని మెమరీని తానే విడుదల చేయడం) ఉంది, సీ లో లేదు. ఈ రెండు పద్ధతులూ కలిసే చోట ప్రతి వస్తువుకూ యజమాని ఎవరో ముందే తేల్చుకోవాలి.

1024 పిక్సెళ్ళ పొడవు, అంతే వెడల్పు గల టెక్స్చర్ పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున 41,94,304 బైట్లు తీసుకుంటుంది. లువాకు కనిపించేది మాత్రం ఒక పాయింటర్ పట్టే చిన్న యూజర్‌డేటా. అలాంటివి వంద సృష్టించి వదిలేసినా లువా తన లెక్కలో కొన్ని కిలోబైట్లే పెరిగాయనుకుని చెత్తసేకరణకు తొందరపడదు, ఈలోగా నాలుగు వందల మెగాబైట్లు పోతాయి. కనుక ఫైనలైజర్‌ను (వస్తువును చెత్తసేకరణ తీసేటప్పుడు నడిచే ఫంక్షన్‌ను) ఆఖరి రక్షణగా మాత్రమే ఉంచి, స్క్రిప్ట్ రాసేవారికి స్పష్టమైన క్లోజ్ మెథడ్ ఇవ్వండి. లువా 5.4 అయితే స్కోప్ ముగియగానే తనంతట తాను మూసుకునే క్లోజ్ వేరియబుళ్ళకు మెటామెథడ్ కూడా పెట్టండి. క్లోజ్ అయ్యాక యూజర్‌డేటాలోని పాయింటర్‌ను నల్ చేయాలి. తర్వాతి ప్రతి మెథడూ నల్‌ను చూసి మర్యాదగా దోషం చెప్పాలి, ఫైనలైజర్ నల్‌ను చూసి ఊరుకోవాలి.

వస్తువుల మధ్య ఆధారపడటం మరో చిక్కు. ఎస్‌డీఎల్‌లో రెండరర్‌ను నాశనం చేస్తే దానికి చెందిన టెక్స్చర్లు కూడా పోతాయి. ఆ తర్వాత స్క్రిప్ట్‌లో మిగిలిన టెక్స్చర్ యూజర్‌డేటా ఫైనలైజర్ వచ్చి, పోయినదాన్నే మళ్ళీ పోగొట్టబోతుంది. టెక్స్చర్ బతికున్నంత కాలం రెండరర్ కూడా బతికుండేలా, టెక్స్చర్ యూజర్‌వాల్యూలో (యూజర్‌డేటాకు జోడించే లువా విలువలో) రెండరర్‌ను పెట్టండి. లువా ఫైనలైజర్లను గుర్తుపెట్టిన క్రమానికి తలకిందులుగా నడుపుతుంది కనుక, మామూలుగా తర్వాత పుట్టిన టెక్స్చర్లు ముందు పోతాయి. అయితే స్క్రిప్టే రెండరర్‌ను చేతితో క్లోజ్ చేస్తే ఈ క్రమం కాపాడదు. అందుకోసం రెండరర్ మూసుకునేటప్పుడు తన టెక్స్చర్లన్నింటినీ చెల్లనివిగా గుర్తుపెట్టాలి.

కైరోలో ఇంకొక రకం. ముందే ఉన్న పిక్సెల్ బఫర్ మీద సర్ఫేస్ సృష్టించే ఫంక్షన్ ఆ బఫర్‌ను కాపీ చేసుకోదు, చిరునామాను గుర్తుంచుకుంటుంది. నేను లువాజిట్‌లో రాసిన ఒక పనిముట్టులో, ఫంక్షన్ లోపల బఫర్‌ను సృష్టించి, దానిమీద సర్ఫేస్ కట్టి, సర్ఫేస్‌ను మాత్రమే బయటికి పంపాను. చిన్న బొమ్మలకు ఏ ఇబ్బందీ రాలేదు. పెద్ద బొమ్మ గీసేటప్పుడు మధ్యలో చెత్తసేకరణ జరిగి, ఎవరూ పట్టుకోని ఆ బఫర్ విడుదలైపోయింది. బొమ్మ పైభాగం సరిగ్గా, కిందిభాగం రంగురంగుల చుక్కలుగా వచ్చింది. సీ పాయింటర్ ఒకటి ఆ చోటిని చూపిస్తోందన్న సంగతి చెత్తసేకరణకు తెలిసే వీలు లేదు. దీనికి నేను ఎంచుకున్న పరిష్కారం, పిక్సెళ్ళ యాజమాన్యాన్ని కైరోకే వదిలేయడం. సర్ఫేస్‌ను కైరోనే సృష్టించమని అడిగి, గెట్‌డేటాతో చిరునామాను, గెట్‌స్ట్రైడ్‌తో వరుస పొడవును తీసుకుంటాను. వరుస పొడవు వెడల్పును బట్టి ఎప్పుడూ నేరుగా రాదు. ఏ8 ఫార్మాట్‌లో (పిక్సెల్‌కు ఒక బైటు) 10 పిక్సెళ్ళ వెడల్పుకు 12 బైట్లుంటాయి. పిక్సెళ్ళను నేరుగా ముట్టుకోవడానికి ముందు ఫ్లష్, మార్చిన తర్వాత మార్క్‌డర్టీ పిలవాలి. 32 బిట్ల ఫార్మాట్‌లో రంగులు పారదర్శకతతో ముందే గుణించి ఉంటాయి కనుక, సగం పారదర్శకమైన నిండు ఎరుపుకు ఆల్ఫా 128 అయితే ఎరుపు కూడా 128 రాయాలి, 255 కాదు.

ఓపెన్‌జీఎల్ వస్తువులను ఫైనలైజర్ నుంచి నేరుగా తొలగించకండి. తొలగించే కాల్ జరిగే థ్రెడ్‌లో సరైన కాంటెక్స్ట్ (ఓపెన్‌జీఎల్ స్థితిని ఉంచే వస్తువు) కరెంట్‌గా ఉండాలి. పైథాన్‌లో ఆఖరి రిఫరెన్స్ ఏ థ్రెడ్‌లో పోతే ఫైనలైజర్ అక్కడే నడవవచ్చు. ఫైనలైజర్ ఆ వస్తువు సంఖ్యను ఒక జాబితాలో రాసిపెడితే చాలు. గీసే థ్రెడ్ ఫ్రేము చివర ఆ జాబితాను ఖాళీ చేస్తుంది.

దోషాలు, వెనుతిరిగి వచ్చే కాల్స్

లువాలో దోషం లాంగ్‌జంప్ ద్వారా మీ సీ ఫంక్షన్‌ను మధ్యలోనే వదిలి వెళ్ళిపోతుంది. టెక్స్చర్‌ను లాక్ చేసి, ఆ తర్వాత చెక్‌నంబర్ పిలిచారనుకోండి. సంఖ్య స్థానంలో స్ట్రింగ్ వస్తే అన్‌లాక్ లైను ఎప్పటికీ నడవదు, టెక్స్చర్ లాక్‌లోనే ఉండిపోతుంది. అందుకని ఆర్గ్యుమెంట్ల తనిఖీలన్నీ ఫంక్షన్ మొదట్లోనే ముగించి, ఆ తర్వాతే లాక్ చేయడం, మెమరీ తీసుకోవడం వంటివి మొదలుపెట్టాలి. టేబుల్ నుంచి విలువలు చదివే లూప్‌లో దోషం వేయని టు-నంబర్ రకం ఫంక్షన్లను వాడి, తప్పు దొరికితే గుర్తుంచుకుని, అన్‌లాక్ చేశాక దోషం ప్రకటించండి.

లైబ్రరీ తిరిగి స్క్రిప్ట్‌ను పిలిచే కాల్‌బ్యాక్‌లలో ఇదే ప్రమాదం రెట్టింపవుతుంది. విండోలు, ఇన్‌పుట్ చూసే జీఎల్ఎఫ్‌డబ్ల్యూ వంటి లైబ్రరీలో పోల్‌ఈవెంట్స్ లోపలి నుంచి మీ కీబోర్డు కాల్‌బ్యాక్ నడుస్తున్నప్పుడు లువా దోషం వస్తే, లాంగ్‌జంప్ లైబ్రరీ ఫ్రేముల మీదుగానే దూకిపోతుంది. కాల్‌బ్యాక్‌లో స్క్రిప్ట్‌ను పిలిచి తీరాలంటే దోషాన్ని పట్టుకునే పీకాల్ ద్వారానే పిలవాలి. నా అభిప్రాయంలో అసలు పిలవకపోవడమే మేలు. సీ కాల్‌బ్యాక్ ఈవెంటును ఒక చిన్న క్యూలో రాసిపెట్టి వెనక్కి వస్తుంది, స్క్రిప్ట్ ఫ్రేముకు ఒకసారి ఆ క్యూను ఒక్క కాల్‌తో తీసుకుంటుంది. మౌస్ కదలికల వంటివి ఒక్క ఫ్రేములో పదులకొద్దీ రావచ్చు కనుక ఇది వేగానికీ మంచిదే. లువాజిట్ ఎఫ్ఎఫ్ఐ కాల్‌బ్యాక్‌లు నెమ్మదైనవి, వాటిని పిలిచే సీ ఫంక్షన్‌ను జిట్ కంపైల్ చేసిన కోడ్ నుంచి పిలిస్తే ప్రోగ్రాము ఆగిపోతుంది కూడా. పైథాన్ సీటైప్స్‌లో కాల్‌బ్యాక్ ఆబ్జెక్టును ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఉంచకపోతే అది విడుదలై, లైబ్రరీ ఖాళీ చిరునామాలోకి దూకుతుంది.

పైథాన్‌లో ఓపెన్‌జీఎల్ బైండింగ్ అయిన పైఓపెన్‌జీఎల్ వాడేవారు గమనించవలసినదొకటి ఉంది. అది మామూలుగా ప్రతి కాల్ తర్వాత దోషం వచ్చిందేమోనని లైబ్రరీని అడుగుతుంది. అభివృద్ధి దశలో ఇది ప్రాణం నిలిపే సదుపాయం. విడుదల చేసేటప్పుడు మాత్రం జీఎల్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయడానికి ముందే ఎర్రర్ చెకింగ్ జెండాను ఫాల్స్ చేయండి.

వందల ఫంక్షన్లున్నప్పుడు

పెద్ద లైబ్రరీని చేత్తో బైండ్ చేయడం వృథా శ్రమ. ఓపెన్‌జీఎల్ ప్రమాణాన్ని నిర్వహించే క్రోనోస్ సంస్థ దాని ఫంక్షన్లన్నింటినీ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో ప్రచురిస్తుంది, దాన్ని చదివి బైండింగ్‌ను యాంత్రికంగా తయారుచేయవచ్చు. హెడర్ల నుంచి బైండింగ్ తయారుచేసే స్విగ్ అనే పనిముట్టు 1996 నుంచి ఉంది. విండోస్‌లో ఓపెన్‌జీఎల్ డీఎల్ఎల్ 1.1 వరకే నేరుగా ఎగుమతి చేస్తుంది కనుక, మిగతా ఫంక్షన్ల చిరునామాలను కాంటెక్స్ట్ సృష్టించి కరెంట్ చేసిన తర్వాత అడిగి తెచ్చుకోవాలి. యాంత్రికంగా వచ్చిన ఈ కింది పొరను స్క్రిప్ట్ రాసేవారికి నేరుగా అందించకండి. అది సీ ఏపీఐకి నకలు, కనుక చిన్న చిన్న కాల్స్ అలవాటునే తెచ్చిపెడుతుంది. దానిమీద స్ప్రైట్ల గుంపు, పాత్, ఈవెంట్ల క్యూ వంటి పెద్ద భావనలతో ఒక పలుచని పొరను చేత్తో రాయండి. ఆ పొరలో పది పదిహేను ఫంక్షన్లకు మించి అవసరం రావడం అరుదు.

పరీక్షించేటప్పుడు ప్రతి ఫ్రేము చివర పూర్తి చెత్తసేకరణను బలవంతంగా నడిపే ఒక డీబగ్ స్విచ్ పెట్టుకోండి. నెలకోసారి కనిపించే యాజమాన్య దోషం ఈ స్విచ్ వేస్తే మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. సీ వైపును అడ్రెస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పులను పట్టే కంపైలర్ సదుపాయంతో) కంపైల్ చేస్తే విడుదలైన చోటును తాకిన లైను సంఖ్యతో సహా కనిపిస్తుంది. రెండరర్‌ను ముందు మూసి టెక్స్చర్‌ను తర్వాత మూయడం, టెక్స్చర్‌ను రెండుసార్లు మూయడం, ఏదీ మూయకుండా ప్రోగ్రాము ముగించడం, ఈ మూడింటినీ విడివిడి పరీక్షలుగా రాసి, ఆ స్విచ్ ఆన్‌లో ఉంచి నడపండి.